కొల్లేటిసీమ శాలంకాయనులు: రాజ్యము పోయినను నిలిచిన సంస్కృతి

ఆంధ్రదేశమున సాతవాహనులకును తూర్పుచాళుక్యులకును నడుమ గల నాలుగు శతాబ్దుల చరిత్రము పాఠశాలాగ్రంథములలో రెండు మూడు పుటలతో ముగియుచుండును. ఇక్ష్వాకులు, బృహత్ఫలాయనులు, ఆనందగోత్రులు, శాలంకాయనులు, విష్ణుకుండినులు అను పేర్లు ఆ పుటలలో వరుసగా వచ్చి వరుసగా పోవును. విద్యార్థికి పేర్లు మిగులును. ఆ పేర్లవెనుకనున్న జనులు మిగులరు. వీరిలో శాలంకాయనుల స్థితి మరింత శోచనీయము. వారి ఆస్థానమున రచింపబడిన కావ్యమొక్కటియు మనకు దక్కలేదు. వారి కోట మట్టిదిబ్బ యైనది. వారి కులదైవమునకు నేడు పూజలేదు. మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగిన కొన్ని రాగిరేకులు మాత్రమే.

ఆ రేకులను రాజుల వరుస నిర్ణయించుటకే వినియోగించుట మన విద్వాంసులకు పరిపాటి. అది యావశ్యకమైన పనియే. కాని ఆ రేకులే ఒక సరస్సును ఆశ్రయించి బ్రదికిన సీమయొక్క జీవితమునకు సాక్ష్యములుగా చదివినచో మఱియొక విషయము తేటపడును. రాజ్యము కూలినప్పుడు కూలినదేమి, కూలక నిలిచినదేమి యను ప్రశ్నకు శాలంకాయనుల చరిత్రమంత స్పష్టముగా సమాధానమిచ్చునది తెలుగుదేశమున మఱియొకటి యరుదు. రాజవంశము పోయినది, దైవము పోయినది, పట్టణము పోయినది. ఊళ్లపేర్లు, చెరువులు, వ్రాత నిలిచినవి.

సీమ, సరస్సు

కృష్ణా గోదావరీనదులు రెండును తెచ్చిన ఒండ్రుమట్టితో తమ తమ డెల్టాలను సముద్రములోనికి పెంచుకొనుచు రాగా, ఆ రెంటికి నడుమ పూడక మిగిలిన పల్లమే కొల్లేరు. ఇది లోతులేని మంచినీటి సరస్సు. విజయవాడ ప్రక్కనుండి వచ్చు బుడమేరును, ఏలూరు ప్రక్కనుండి వచ్చు తమ్మిలేరును, మఱికొన్ని చిన్న యేళ్లును దీనిలో పడును. నిండిన నీరు ఉప్పుటేటిద్వారా బంగాళాఖాతము చేరును. వర్షకాలమున విస్తరించి వేసవిని కుంచించుకొనిపోవుట దీని స్వభావము. కావున దీని తీరమునకు స్థిరమైన గీత యెన్నడును లేదు. నేడు పైరు పండు నేల రేపు జలమగును. నేటి జలము మఱునాటికి పచ్చికబయలగును.

శాలంకాయనుల రాజధాని వేంగీపురము. అది ఏలూరునకు ఉత్తరమున ఇంచుమించు 12 కిలోమీటర్ల దూరముననున్న నేటి పెదవేగియని విద్వాంసులు నిర్ణయించియున్నారు. చినవేగి యనునది దాని పొరుగుగ్రామము. కొల్లేరు ఏలూరునకు దక్షిణముననున్నది. కాబట్టి వేంగీపురము సరస్సు గట్టుననే యున్నదనుట సరికాదు. మెరకనేలపై రాజధాని, పల్లమున సరస్సు, నడుమ ఏళ్లతోను చెరువులతోను నిండిన వ్యవసాయభూమి, ఇదియే ఆనాటి సీమాస్వరూపము. వేంగినుండి కృష్ణాముఖమునందలి కూదురాహారము వఱకు గల భూమిలో దానములు చేసిరి గనుక, వారి యధికారము సరస్సునకిరువైపుల వ్యాపించియుండెననుట నిశ్చయము.

ఈ జనము రాజవంశముకంటె ప్రాచీనమైనది. క్రీస్తుశకము 2వ శతాబ్దివాడైన టాలమీ తన భూగోళగ్రంథమున ఈ తీరప్రాంతమున 'సలకేనోయ్' అను జనమును, వారి నగరమగు 'బెనగౌరొన్'ను పేర్కొనెను. మొదటిది శాలంకాయనశబ్దమునకును, రెండవది వేంగీపురశబ్దమునకును గ్రీకునోట గలిగిన వికారములని పెక్కురి యభిప్రాయము. ఇదియే సత్యమైనచో, శాలంకాయన మహారాజులు శాసనములు వేయించుటకు నూరేండ్లకు పైగా మునుపే ఆ పేరుతో ఒక జనము వేంగిలో నివసించుచుండెను. శాలంకాయనమనునది గోత్రనామము. నిఘంటువులలో నందికేశ్వరునకును ఈ పేరు కలదు. వీరి రాజముద్రికపై వృషభముండుటకు ఇదియే కారణమని చెప్పుదురు.

శాసనములలో కనిపించు జీవితము

శాలంకాయనశాసనములలో ప్రాచీనలక్షణములు గలది విజయదేవవర్మ వేయించిన ఏలూరు తామ్రశాసనము. దీనిని హుల్ష్ పండితుడు ప్రకటించెను. దీని భాష ప్రాకృతము. తుదిని గల శాపశ్లోకములు మాత్రము సంస్కృతము. రాజు అశ్వమేధయాజి. అతడు తన 13వ రాజ్యసంవత్సరమున ఏలూరిలో 20 నివర్తనముల భూమిని గణశర్మయను బ్రాహ్మణునకు దానము చేసెను. ఇంతవఱకు ఇది సామాన్యదానమే. కాని శాసనము భూమితోడనే ఆగలేదు. దానగ్రహీతకు ఇంటిస్థలమును, అతనియొద్దనుండు 'అద్ధియ' మనుష్యులకు ఇండ్లస్థలములను గూడ ఇచ్చినట్లు చెప్పినది.

ఈ 'అద్ధియ' మనుష్యులెవరు? పంటలో సగపాలు పుచ్చుకొని దున్నువారు. యాజ్ఞవల్క్యస్మృతిలో 'అర్ధసీరి' యని చెప్పబడినవాడు ఇట్టివాడే. పల్లవరాజగు శివస్కందవర్మ హిరెహడగళ్లి ప్రాకృతశాసనమునను ఇట్టి సగపాలికాపులు కనబడుదురు. కొల్లేటిసీమలో భూమి కొలతకంటె దానిని దున్ను చేతులే విలువైనవి. నీరు నిండి తీయుచుండు పల్లపునేలపై, అదను తప్పక దుక్కిచేయగల మనుష్యులు లేనిచో 20 నివర్తనములైనను 200 నివర్తనములైనను బీడే. పాలికాపు నిలువనీడ లేక లేచిపోయినచో దానము వ్యర్థమగును. అందుచేతనే రాజు భూమితోపాటు వారి యిండ్లకును తావు చూపెను. ఇరువది శతాబ్దుల తెలుగువ్యవసాయచరిత్రమున పాలికాపు పలుమాఱు కనబడును గాని, అతని గూటికి స్థలము రాగిరేకుపై నెక్కుట విశేషము.

ఆ శాసనముననే రాజు తన యాజ్ఞను ఎవరికి వినిపించెనో గమనింపదగును. 'ములుద' మొదలుగాగల ఏలూరు గ్రామమును సంబోధించెను. ఇతరశాలంకాయనశాసనములలో ఈ పదము 'ముతుడ' యని చదువబడినది. ఇతడు గ్రామపెద్ద. ఈ పదము సంస్కృతము గాదు, ప్రాకృతవ్యాకరణమునకును లోబడదు, దేశ్యమనియే తలపవలసియున్నది. ముది, ముదుక మొదలగు తెలుగు మాటలతో దీనిని పోల్చుట ఊహామాత్రమే యగును గాని, రాజభాష ప్రాకృతమైయుండగా ఊరిపెద్దకు మాత్రము ఊరిమాటనే నిలుపుకొనిరనుట ఊహ గాదు. అశ్వమేధము చేసిన మహారాజు సైతము ఆ పెద్దకు రాజభాషలో మఱియొక పేరు పెట్టలేదు. ఊరు పిలిచిన పేరుతోనే పిలిచెను.

హస్తివర్మనుండి నాలుగు తరములు

శాలంకాయనరాజులలో బయటి ప్రపంచమునకు తెలిసినవాడు హస్తివర్మ. అలహాబాదు స్తంభశాసనమున సముద్రగుప్తుడు జయించి విడిచిన దక్షిణాపథరాజులలో 'వైంగేయక హస్తివర్మ' పేర్కొనబడెను. అనగా ఇతడు క్రీస్తుశకము 4వ శతాబ్ది మధ్యభాగమునందలివాడు. ఆ పట్టికలోనే 'కౌరాళక మంటరాజు' అను మఱియొక పేరు కలదు. కౌరాళమనగా కొల్లేరని కొందఱు పూర్వవిద్వాంసులు వ్రాసిరి. కాని వేంగిరాజు ప్రత్యేకముగా పేర్కొనబడియుండగా, ఆ వేంగిసీమకు ఒడిలోనున్న సరస్సునకు వేఱొక రాజుండెననుట పొసగదు. అట్టిరాజుండెననుటకు మఱియొక యాధారమును లేదు. శబ్దసామ్యమొక్కటియే దేశనిర్ణయమునకు చాలదనుటకు ఇది మంచి యుదాహరణము.

పెదవేగిలో దొరికిన నందివర్మ శాసనము వంశక్రమమును స్పష్టముగా చెప్పుచున్నది: హస్తివర్మ, అతని కుమారుడు నందివర్మ, అతని కుమారుడు చండవర్మ, అతని జ్యేష్ఠపుత్రుడు రెండవ నందివర్మ. ఈ శాసనము సంస్కృతమున నున్నది. దేవవర్మనాటి ప్రాకృతము పోయి ఈ సంస్కృతము వచ్చుట దక్షిణాపథమంతట ఆ కాలమున జరిగిన మార్పే. ఈ దానము త్రైలోక్యనాథుడగు విష్ణుగృహస్వామి కొఱకు దేవహలముగా నీయబడినది. అరుతోరలో 10 నివర్తనములు, ముండూరులో 10, చెంచెరువలో 6, కంబురాంచెరువలో 6, మొత్తము 32 నివర్తనములు.

ఈ నాలుగు గ్రామనామములను పండితులు మఱల మఱల చదువవలెను. శాసనభాష సంస్కృతము, దాత సంస్కృతబిరుదములు గలవాడు, ప్రతిగ్రహీత విష్ణువు. కాని భూమి యెక్కడనున్నదో చెప్పవలసివచ్చినప్పుడు లేఖకునకు తెలుగే శరణమైనది. నాలుగూళ్లలో రెంటి పేర్ల తుదిని 'చెరువు' వినబడుచున్నది. ఒక దాని తుదిని 'ఊరు' కలదు. నన్నయభట్టునకు ఇంచుమించు ఆఱు శతాబ్దులకు పూర్వమే 'చెరువు' అనుమాట కొల్లేటిసీమలో ఊళ్లకు పేరై స్థిరపడియుండెను. చెరువుండి ఊరు పుట్టినదే గాని, ఊరుండి చెరువు త్రవ్వలేదని ఆ పేరులే చెప్పుచున్నవి. పెదవేగి మండలమున నేటికిని ముండూరను గ్రామము కలదు.

ఈ నందివర్మయే వేయించిన మఱియొక శాసనము కొల్లేటనుండి లభించి, సర్ వాల్టరు ఎలియట్టు చేతబడి, ఫ్లీటు పండితునిచే 1876లో ప్రకటింపబడినది. కూదురాహారవిషయమునందలి విదేనూరపల్లికయను గ్రామమును కురవక అగ్రహారమునందు నివసించు 157 మంది బ్రాహ్మణులకు ఇచ్చినట్లు దీనియందున్నది. ఆ గ్రామనామమున మూడు పొరలు కలవు. 'విదేన్' అనునది ఊరిగుర్తు, 'ఊరు' తెలుగు, దానికి 'పల్లిక' యను సంస్కృతరూపము తగిలింపబడినది. ఏలూరు శాసనమునందలి 'ఏలూరే' యనుచోటను ఇంతే. తెలుగు ఊరిపేరునకు ప్రాకృతసప్తమీప్రత్యయము చేర్పబడినది. రాజులయొక్క భాష మాఱినకొలది ఊరి పేరుపై అంగవస్త్రము మాఱినది; ఊరు మాఱలేదు. కూదురాహారమునకు కేంద్రమగు కూదూరు బృహత్ఫలాయన జయవర్మకాలమునుండి ప్రసిద్ధము. శాలంకాయనులు ఆ విభాగమును పూర్వులనుండి గ్రహించిరే గాని క్రొత్తగా కల్పింపలేదు.

దైవము, మతము

శాలంకాయనరాజులందఱు తమ్ము 'భగవచ్చిత్రరథస్వామి పాదానుధ్యాతుల'మని చెప్పుకొనిరి. చిత్రరథుడనగా సూర్యుడని కొందఱందురు. ఆ పేరు గంధర్వరాజునకును కలదు. వంశమునకు సామాన్యదైవము చిత్రరథుడే యైనను, దేవవర్మ తన్ను పరమమాహేశ్వరుడని, నందివర్మ పరమభాగవతుడని చెప్పుకొనిరి. అనగా కులదైవమొకటి, రాజు నిజభక్తి వేఱొకటి యైనను విరోధము లేకుండెను. ఇరుగుపొరుగున గుంటుపల్లి కొండలలో శతాబ్దులనుండి బౌద్ధవిహారములు నిలిచియుండెను. సరస్సులో పలు యేళ్లు కలియునట్లు ఈ సీమలో పలు మతములు కలిసెను.

హుల్ష్ పండితుడు పెదవేగిని దర్శించినప్పుడు చిత్రరథస్వామి యాలయమున్న చోటని గ్రామస్థులు ఒక దిబ్బను చూపిరట. రాజవంశము పోయిన పదునైదు వందల యేండ్లకు, రాజుల పేర్లొకటియు తెలియని గ్రామస్థులు వారి దైవము పేరు మఱువకుండుట ఆశ్చర్యకరము. ఆ దిబ్బయే నిశ్చయముగా ఆ యాలయమని దీనివలన స్థిరపడదు గాని, పేరు నోటనుండి నోటికి దిగివచ్చినదనుట స్థిరపడును.

పతనము

5వ శతాబ్ది ఉత్తరార్ధమునకు శాలంకాయనుల పేరు వినబడదు. ఆ భూమిలో విష్ణుకుండినుల శాసనములు కనబడును. విష్ణుకుండిన విక్రమేంద్రవర్మ చిక్కుళ్ల శాసనము లెందులూరునుండి వెలువడెను. అది వేంగికి చేరువనున్న నేటి దెందులూరే. క్రొత్తరాజులు పాతసీమను విడువలేదు. పాతపట్టణమునకు కొలది దూరమున తామొక నివాసమేర్పఱచుకొనిరి. శాలంకాయనులు యుద్ధమున నశించిరో, సంతానము లేక క్షీణించిరో చెప్పు శాసనము లేదు. కావ్యములవలె చరిత్రమునకు ప్రతి పతనమునందును యుద్ధవర్ణనము దొరకదు.

యుద్ధవర్ణనము దొరకినది తరువాతి పతనమునకు. శకవర్షము 556, అనగా క్రీస్తుశకము 634-35 నాటి ఐహొళె శాసనమున రవికీర్తి, రెండవ పులకేశి పిష్ఠపురమును జయించిన పిమ్మట 'కునాళ' జలమును నరరక్తముతో ఎఱ్ఱబఱచెనని వర్ణించెను. ఆ కునాళము కొల్లేరేయని ఆ శాసనమును ప్రకటించిన కీల్‌హారన్ పండితుడు నిర్ణయించెను. ఏనుగుల బారులు నీటిని కప్పివేసిన ఆ వర్ణనమును చదువునపుడు, ఆ సరస్సు యుద్ధభూమి యగుటకు కారణము తెలియవలెను. లోతులేని నీరు, నడుమ లంకలు, దారి తెలియని పరసేనకు ఉరి. దారి తెలిసిన స్వసేనకు కోట. వేంగిని రక్షించినది ప్రాకారము గాదు, కొల్లేరే.

ఆ యుద్ధమైన కొలదియేండ్లకే చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చి, దాని రాజధానిని వేంగీపురముగా గుర్తింపదగిన పేరుతో పేర్కొనెను. ఆ నగరమునకు నైరృతిదిశనున్న ఒంటికొండపై దిఙ్నాగాచార్యుడు న్యాయశాస్త్రగ్రంథము రచించెనని వ్రాసెను. రాజులు మాఱినను, సరస్సు రక్తవర్ణమైనను, ఆ కొండపై నొక తార్కికుడు గ్రంథము వ్రాసిన సంగతి మాత్రము ఊరివారు విదేశీయునకు చెప్పగలిగిరి.

కథలో కొల్లేరు

దండి దశకుమారచరిత్రమున సప్తమోచ్ఛ్వాసము పండితులకు సుపరిచితము. ఓష్ఠ్యాక్షరములు లేకుండ చెప్పబడిన మంత్రగుప్తుని కథ అదియే. ఆ కథలో ఆంధ్రనగరమునకు చేరువ సముద్రమువంటి సరస్సు కలదు. ఆంధ్రరాజు జయసింహుడు ఆ సరస్సునీటిలోనే కపటముచే హతుడగును. ఆ నగరము వేంగియనియు ఆ సరస్సు కొల్లేరనియు విద్వాంసులు తలచిరి. ఇది కథ, దీనినిబట్టి వేంగిలో ఇట్టి రాజవధ జరిగెనని వ్రాయరాదు. కాని ఆంధ్రరాజధాని యనగానే కవిమనస్సునకు ముందు తోచినది సరస్సు. అంతవఱకు ఇది సాక్ష్యమే.

ఇట్లే కొల్లేటికోటనుగూర్చిన యైతిహ్యము. గజపతిరాజు లంకమీద కోటగట్టియుండగా, శత్రుసేనాపతి తీరమున చిగురుకోటలో విడిసి, సరస్సును ఎండగట్టుటకై ఉప్పుటేరు త్రవ్వించెననియు, కార్యసిద్ధికి తన కూతునే బలియిచ్చెననియు, అందుచే ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు చెప్పుదురు. ఉప్పుటేరు మానవనిర్మితమనుటకు ఈ కథ చాలదు. కాని సరస్సే కోటయని, సరస్సు ఎండినపుడే కోట కూలునని కొల్లేటిజనులు తలచిరనుటకు చాలును. ఐహొళె శాసనమునందలి భావమే ఇచట జనవాక్యమున వినబడుచున్నది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఫాల్గునమాసమున జరుగు జాతర ఆ జలదుర్గమునకు నేటికిని కొనసాగుచున్న స్మృతి.

12వ శతాబ్ది శాసనములలో ఈ ప్రాంతపునాయకులు 'కొలను' ప్రభువులని కనబడుదురు. విక్రమచోళుని తమిళశాసనములలో ఓడింపబడిన తెలుంగభీముని ఊరు 'కుళం' అని కలదు. సంస్కృతశ్లోకములలో ఆ ఊరే 'సరసీపురి' యగును. కొలను, కుళం, సరసి మూడును ఒక్క అర్థము గలవి. శత్రువు తన భాషలోనికి, కవి తన భాషలోనికి మార్చుకొనిరి గాని, ముగ్గురును ఆ పురమును నీటిపేరుతోనే పిలిచిరి.

నిలిచిన వ్రాత

శాలంకాయనులు విడిచిన నిధులలో పెద్దది లిపి. బర్నెల్ దొర 1874లో ప్రకటించిన దక్షిణభారతలిపిశాస్త్రమున వీరి తామ్రశాసనముల యక్షరములకు 'వేంగిలిపి' యని పేరు పెట్టెను. ఆ యక్షరముల సంప్రదాయమే విష్ణుకుండిన, చాళుక్యశాసనములమీదుగా గుండ్రనిదై, తెలుగు కన్నడ లిపులుగా పరిణమించినది. నేడు పల్లెపాఠశాలలో బాలుడు పలకపై దిద్దు అకారము వెనుక, రాజవంశము పేరుకూడ మఱచిన ఆ కొల్లేటిసీమ లేఖకుని యులి యున్నది.

అట్లే వేంగియను పేరు. కుబ్జవిష్ణువర్ధనుని వంశమువారు తమ రాజ్యమునంతటిని వేంగియనిరి. పిదప వారి రాజధాని రాజమహేంద్రవరమునకు మాఱినను, 11వ శతాబ్దిని రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు భారతమును తెనిగించునప్పటికిని ఆ దేశము వేంగీదేశమే. ఊరు పల్లెయైనది, పేరు దేశమైనది.

ఇప్పటి విచారము

ఇంతవఱకు చెప్పినదానివలన, శాలంకాయనసంస్కృతికి ప్రధానసాక్ష్యము వస్తుప్రదర్శనశాలలలోని రాగిరేకులొక్కటియే గాదని తేలినది. ఆ రేకులలోని పేర్లకు అర్థమిచ్చునది కొల్లేటిసీమయే: దాని ఊళ్లు, చెరువులు, ఏళ్లు, లంకలు. శాసనము సగము, సీమ సగము. సీమ చెడినచో శాసనమును చదువుట కష్టమగును.

ఆ సీమ వేగముగా మాఱుచున్నది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో విజయవాడ ఆనకట్టయు పూర్తియై, కాలువనీరు డెల్టాలంతట పాఱినప్పటినుండి కొల్లేటికి వచ్చు నీటిగతి మాఱెను. 20వ శతాబ్ది చివరిభాగమున సరస్సుగర్భముననే చేపలచెరువుల గట్లు లేచెను. 1999లో ప్రభుత్వము కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో అది రామ్‌సర్ ఒడంబడిక పట్టికకెక్కినది. 2006లో అక్రమముగా వేసిన గట్లు పెక్కులు పడగొట్టబడినవి. ఆ సందర్భమున సరస్సుపై బ్రదుకు జాలరికుటుంబముల జీవనమును కష్టమున బడినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది యిండ్లను ముంచినప్పుడు, ఆ యేటికి కొల్లేరే గమ్యమని, గమ్యమున చోటులేనిచో ఏరు దారిలోనే నిలుచునని నగరవాసులకు తెలిసివచ్చినది. శాలంకాయనుల పాలనలో ఊరికి ముందు చెరువు పుట్టినది. నేడు ఊరు పెరుగుటకు చెరువు చచ్చుచున్నది.

ఈ మార్పులలో మంచిచెడ్డలు నిర్ణయించుట చరిత్రకారుని పని గాదు. కాని పూడిన చెరువుతో దాని పేరును పూడుట అతని పనికి నేరుగా తగులు నష్టము. చెంచెరువ యెచ్చట, కంబురాంచెరువ యెచ్చట, కురవక అగ్రహారమేది, విదేనూరేది? వీనిని గుర్తింపవలెనన్న గ్రామపటములలోని పొలముల పేర్లు, మాన్యముల పేర్లు, పూడిన కుంటల పేర్లు కావలెను. ఆ పేర్లు వ్రాతలో కంటె వృద్ధుల నోళ్లయందు ఎక్కువగా నున్నవి. ఒక తరము గడచినచో నవి దొరకవు. హుల్ష్ పండితునికి చిత్రరథస్వామి దిబ్బను చూపినది గ్రంథము గాదు, గ్రామస్థుడు.

కొల్లేటిచుట్టుపట్ల పాఠశాలలయందలి పండితులకు ఇది సులభసాధ్యమైన పని. ప్రతి విద్యార్థియు తన యూరి పొలములకును, కుంటలకును, కాలువలకును, లంకలకును గల పేర్లను పెద్దలనడిగి వ్రాసికొనివచ్చినచో, ఒక్క విద్యాసంవత్సరములో మండలమునకొక పట్టిక సిద్ధమగును. పట్టికలో వాడుకరూపమునే వ్రాయవలెను, సంస్కృతీకరింపరాదు. ప్రతి పేరునకును చెప్పినవారి వయస్సు, ఆ స్థలము మెరకయో పల్లమో, అచట నీరెన్ని నెలలు నిలుచునో గుర్తింపవలెను. శబ్దసామ్యమునుబట్టి వెంటనే శాసనగ్రామముతో ముడివేయరాదు. కౌరాళవిషయమున పూర్వులు పడిన తొందర మఱల వలదు. నీటిదారియు, ఎల్లలును, పేరును మూడును కలిసినచోటనే నిర్ణయము చేయదగును.

శాలంకాయనమహారాజులకు తమ ఆజ్ఞను 'ములుద' మొదలుగాగల గ్రామమునకు చెప్పుట తెలియును. వారిచరిత్రమును వ్రాయువారును ఆ గ్రామమునే మొదట నడుగవలసియున్నది. రాగిరేకులు చెప్పగలిగినదంతయు చాలవఱకు చెప్పినవి. ఇక చెప్పవలసినది కొల్లేటిసీమయే. అది చెప్పగలిగియున్నప్పుడే విని వ్రాసికొనుట విద్వాంసుల విధి.